స్కాన్ నార్మల్ అన్నారు, నొప్పి మాత్రం పోలేదు: ఎండోమెట్రియోసిస్ డౌట్ ఉన్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

నా పాత ఫైల్‌లో ఆరు స్కాన్ రిపోర్టులున్నాయి, ఆరింటి కిందా ఒకటే లైన్, 'నో సిగ్నిఫికెంట్ అబ్‌నార్మాలిటీ'. రిపోర్ట్ చేతికి రాగానే అమ్మ "హమ్మయ్య, ఏం లేదంట" అనేది, నాన్న ఆటో మాట్లాడేవాడు, నేను ఇంటికొచ్చి మళ్లీ మెఫ్టాల్ స్పాస్ వేసుకుని వేడినీళ్ల బ్యాగ్ పొట్ట మీద పెట్టుకుని ముడుచుకుని పడుకునేదాన్ని. పద్నాలుగేళ్లప్పుడు మొదలైన నొప్పికి పేరు దొరికేసరికి నాకు ఇరవై నాలుగు. మధ్యలో గ్యాస్ అన్నారు, అపెండిక్స్ ఏమో అన్నారు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు, పీసీఓడీ అన్నారు, ఒకాయనైతే పెళ్లి చేసేయండమ్మా అదే సర్దుకుంటుంది అని అమ్మతో చెప్పాడు, నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నా.

నేను డాక్టర్‌ని కాదు, ముందే చెప్తున్నా. పదేళ్లు తిరిగి, ఆ తర్వాత కోపంతో రీసెర్చ్ పేపర్లు చదవడం అలవాటైపోయిన పేషెంట్‌ని. నాకు అప్పుడు ఎవరైనా చెప్పుంటే బాగుండేది అనుకున్నవి ఇక్కడ రాస్తున్నా, మందు ఏది వేసుకోవాలి అన్నది మాత్రం మీ గైనకాలజిస్ట్‌నే అడగండి.

నాదేదో అరుదైన కేసు అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నెలసరి వచ్చే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది, లక్షణాలు మొదలయ్యాక డయాగ్నసిస్ దాకా పట్టే టైమ్ 4 నుంచి 12 ఏళ్లు అని కూడా వాళ్లే అంటున్నారు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, ట్యూబుల దగ్గర, పేగు మీద, మూత్రాశయం మీద, పొత్తికడుపు లోపలి పొర మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. నెలనెలా హార్మోన్లకి అది కూడా రియాక్ట్ అవుతుంది, కానీ ఆ రక్తం బయటికి వచ్చే దారి లేదు, దాంతో వాపు, మచ్చలు, లోపల అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం. సిజేరియన్ కుట్టు దగ్గర రావచ్చు, అరుదుగా డయాఫ్రం మీద, ఊపిరితిత్తుల దగ్గర కూడా దొరికింది.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు

మూడు నెలలు రాయండి. యాప్ అయినా సరే, పాల లెక్క రాసుకునే క్యాలెండర్ అయినా సరే. నొప్పి ఏ రోజు మొదలైంది, డేట్‌కి ముందా వచ్చాకా, పదికి ఎంత, ఏ పక్క, ఎన్ని టాబ్లెట్లు పడ్డాయి, కాలేజీ గానీ ఆఫీస్ గానీ ఎన్ని రోజులు మానేశారు. ఈ చివరిది మర్చిపోకండి, ఎందుకంటే "చాలా నొప్పి డాక్టర్" అంటే అందరూ అదే అంటారు, "గత మూడు నెలల్లో ఐదు రోజులు ఆఫీస్‌కి వెళ్లలేదు, నెలకి పన్నెండు టాబ్లెట్లు" అంటే పెన్ను తీసి రాస్తారు. నా విషయంలో నిజంగా అదే జరిగింది.

ఇంకోటి, మన భాషతో ఒక చిక్కు ఉంది. మనం అన్నింటికీ "కడుపునొప్పి" అనేస్తాం. కడుపునొప్పి అనగానే అవతలివాళ్లకి గ్యాస్, ఎసిడిటీ గుర్తొస్తాయి, పాంటాప్ రాసిచ్చి పంపేస్తారు. అందుకే ఎక్కడో చూపించండి, పొత్తికడుపు, బొడ్డు కింద, నడుము, తొడల్లోకి లాగుతోందా, మలద్వారం దగ్గర పొడిచినట్టుందా. పీరియడ్స్ టైమ్‌లో మోషన్‌కి వెళ్తే నొప్పి, యూరిన్‌కి వెళ్తే నొప్పి, ఆ రోజుల్లో మాత్రమే లూజ్ మోషన్స్ లేదా మలబద్ధకం, ఇవన్నీ చెప్పాలి, "ఇది గైనిక్ డాక్టర్‌కి ఎందుకులే" అని దాచకూడదు. డేట్ వచ్చిన రోజుల్లోనే కుడి భుజం నొప్పి పుడుతుంటే, ఆయాసం వస్తుంటే అది కూడా చెప్పండి, వింతగా అనిపించినా సరే. పెళ్లైనవాళ్లు కలిసినప్పుడు నొప్పి ఉంటే, పైపైన మంటా, లోపల లోతుగా తగిలినట్టు నొప్పా, ఆ తేడా చెప్పండి, లోతుగా వచ్చే నొప్పికి ఈ జబ్బుతో సంబంధం ఎక్కువ. అత్తగారు పక్కన ఉంటే ఇవన్నీ నోటికి రావు, తెలుసు నాకు, "డాక్టర్‌తో రెండు నిమిషాలు విడిగా మాట్లాడాలి" అని అడిగే హక్కు మీకుంది, లేదంటే చీటీ మీద రాసి చేతికివ్వండి.

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ డాక్టర్లకి ఇచ్చిన గైడ్‌లైన్ చూస్తే, ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా, అంటే ఆరు నెలలుగా పొత్తికడుపు నొప్పి గానీ, రోజువారీ పనులు ఆపేసే పీరియడ్స్ నొప్పి గానీ, కలిసినప్పుడు లోతైన నొప్పి గానీ, నెలసరితో పాటు వచ్చే మోషన్, యూరిన్ ఇబ్బందులు గానీ, వీటిలో ఏదో ఒకదాంతో పాటు పిల్లలు పుట్టకపోవడం గానీ ఉంటే ఎండోమెట్రియోసిస్‌ని అనుమానించాలి అంటుంది. ఒక్కటున్నా చాలు, అన్నీ ఉండాలని లేదు. పదిహేనేళ్ల పిల్లకైనా ఇంతే.

ఇంట్లో కూడా ఒక చిన్న ఎంక్వైరీ చేయండి. అమ్మకి, అక్కచెల్లెళ్లకి ఉంటే మనకి వచ్చే అవకాశం పెరుగుతుంది, కవలల మీద చేసిన స్టడీల్లో ఈ జబ్బు వచ్చే అవకాశంలో సగం దాకా వంశపారంపర్యమే అని తేలింది. కానీ మన ఇళ్లలో ఎవరికీ ఈ పేరు తెలీదు కదా, అందుకే పేరు అడగొద్దు, "అమ్మా, నీకు చిన్నప్పుడు ఆ మూడు రోజులు ఎలా ఉండేది, పిన్నికి గర్భసంచి ఎందుకు తీశారు" అని అడగండి. పిన్నికి తీశారా లేదా అని కాదు, ఎందుకు తీశారని, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఆ ఆపరేషన్ అయినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరు దొరుకుతారు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. దీని సంగతి చివర్లో మళ్లీ చెప్తా.

అసలు ఒక్క టెస్ట్‌తో ఎందుకు తేలదు

ఇది అర్థమైతే సగం చిరాకు తగ్గుతుంది. షుగర్‌కి రక్తంలో గ్లూకోజ్ చూస్తే చాలు, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ ఉంది, దీనికి అలాంటిది లేదు, ఎందుకంటే ఇది ఎందుకొస్తుందో పూర్తిగా తేలితే కదా దేన్ని కొలవాలో తెలిసేది.

అందరూ చెప్పే థియరీ అమెరికాలో ఆల్బనీకి చెందిన జాన్ శాంప్సన్ అనే సర్జన్‌ది, 1927 నాటిది. పీరియడ్స్ రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి కడుపులోకి వెళ్తుంది, దాంతో పాటు వెళ్లిన కణాలు అక్కడ అతుక్కుని పెరుగుతాయి అని. వినడానికి బాగుంది, పైగా నిజంగానే వెనక్కి వెళ్తుంది. కానీ 1984లో వచ్చిన ఒక స్టడీలో పీరియడ్స్ టైమ్‌లో లాప్రోస్కోపీ చేసి, అంటే పొట్టకి చిన్న కన్నం పెట్టి కెమెరాతో చూస్తే, ట్యూబులు తెరిచి ఉన్నవాళ్లలో 90 శాతం మందికి కడుపులో రక్తం కనిపించింది. అంటే దాదాపు అందరికీ వెనక్కి వెళ్తుంది, జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే. మరి మిగతా తొమ్మిది మందికి ఎందుకు రాలేదు? రీసెర్చ్ మొత్తం ఇప్పుడు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. పైగా గర్భసంచే లేని మగవాళ్లలో, ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఎక్కువకాలం ఈస్ట్రోజెన్ వాడినవాళ్లలో, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కేసులే అయినా, ఇది దొరికింది, దానికి శాంప్సన్ దగ్గర జవాబు లేదు. అక్కడ ఉన్న కణాలే రూపం మార్చుకుంటాయని కొందరు, మూలకణాలని కొందరు, రక్తం ద్వారానో లింఫ్ ద్వారానో వెళ్తాయని కొందరు, చెత్త ఊడ్చాల్సిన ఇమ్యూనిటీ సరిగ్గా ఊడ్వట్లేదని కొందరు. నాకు అర్థమైనంతలో ఇవన్నీ తలా కొంచెం నిజం, ఒకే పేరు కింద రెండు మూడు రకాల జబ్బులున్నాయేమో అని కూడా అనిపిస్తుంది.

జీన్స్ వైపు మాత్రం గట్టి పని జరిగింది. 2023లో నేచర్ జెనెటిక్స్ అనే జర్నల్‌లో వచ్చిన స్టడీ, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ముందుండి చేసింది, 60,674 మంది పేషెంట్లని, జబ్బు లేని 7 లక్షల పైన మందిని పోల్చి డీఎన్ఏలో 42 చోట్ల తేడాలు పట్టుకుంది. అందులో నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, మైగ్రేన్, వెన్నునొప్పి లాంటి వాటితో దీనికి జన్యుపరంగా పోలికలు దొరికాయి. అంటే "అన్ని చోట్లా నొప్పే అంటావేంటే" అని తిట్లు తిన్నవాళ్లందరం ఒకసారి ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న ఆడవాళ్లదే, మనవాళ్ల రక్తం తక్కువ, అది మనసులో పెట్టుకోవాలి. మన దగ్గర ఏమీ జరగట్లేదని కాదు, ఉస్మానియా యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ వాళ్లు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే రీసెర్చ్ సంస్థ, సికింద్రాబాద్‌లోని ఒక ఇన్‌ఫర్టిలిటీ సెంటర్ కలిసి ఇక్కడి పేషెంట్లలో మైటోకాండ్రియా డీఎన్ఏ మార్పుల మీద పేపర్లు వేశారు, ముంబైలో ఐసీఎంఆర్ సంస్థ ఎన్ఐఆర్ఆర్‌సీహెచ్ వాళ్లు ఈసీజీఆర్ఐ పేరుతో దేశంలో చాలా హాస్పిటల్స్‌ని కలిపి క్లినికల్, జెనెటిక్ స్టడీ పెట్టారు. మిమ్మల్ని ఎప్పుడైనా ఇలాంటి స్టడీలో చేరతారా అని అడిగితే కన్సెంట్ ఫారం పూర్తిగా చదివి, నచ్చితే చేరండి, మన శాంపిల్ లేకపోతే మన జవాబు కూడా రాదు.

ఇప్పుడు వార్తల సంగతి. "ఎండోమెట్రియోసిస్‌కి కారణం దొరికింది" అని ఏడాదికి రెండు సార్లు ఫోన్‌లో మెరుస్తుంది. నేను చూసేది ముందు ఒక్కటే, ఎలుకలా మనుషులా. మామూలు ల్యాబ్ ఎలుకలకి పీరియడ్సే రావు తెలుసా, వాటి కడుపులో కణజాలం కుట్టో ఇంజెక్ట్ చేసో జబ్బు తెప్పిస్తారు, అందుకే ఎలుకలో తగ్గింది అంటే మనకి తగ్గుతుందని కాదు. 2023లో జపాన్ నగోయా యూనివర్సిటీ వాళ్ల పేపర్ మంచి ఉదాహరణ. ఫ్యూసోబాక్టీరియం అనే బ్యాక్టీరియా, పేషెంట్ల గర్భసంచి పొరలో 64 శాతం మందిలో, జబ్బు లేనివాళ్లలో 10 శాతం కంటే తక్కువ మందిలో కనిపించింది, ఎలుకలకి యాంటీబయాటిక్ ఇస్తే గడ్డలు తగ్గాయి. పేపర్ బాగుంది, నేనే రెండుసార్లు చదివా. కానీ మనుషుల్లో చూసింది నూట యాభై చిల్లర మందినే, అదీ ఒకే దేశంలో, పైగా బ్యాక్టీరియా వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు ఉన్నచోట బ్యాక్టీరియా చేరిందా అన్నది మనుషుల్లో ఇంకా తేలాలి. ఇది చదివి మెడికల్ షాప్‌కి వెళ్లి యాంటీబయాటిక్ కొనుక్కోకండి దయచేసి, మన దగ్గర చీటీ లేకుండా ఇచ్చేస్తారని తెలుసు, అందుకే చెప్తున్నా.

అలాగే కారం తిన్నావు, టైట్ జీన్స్ వేశావు, ఆ రోజుల్లో తలస్నానం చేశావు, అందుకే వచ్చింది అంటే వినేసి వదిలేయండి. వీటిలో ఏదీ కారణాల లిస్టులో లేదు. చిన్న వయసులోనే పెద్దమనిషి అవ్వడం, 27 రోజుల కంటే తక్కువకే మళ్లీ డేట్ రావడం, బ్లీడింగ్ ఎక్కువ ఉండటం, ఇంట్లో ఎవరికైనా ఉండటం, స్టడీల్లో రిస్క్‌తో ముడిపడినవి ఇవి, వీటిలో ఏదీ మన చేతిలో లేదు.

ఏ టెస్ట్ దేనికి

మన ఊళ్లలో మొదట చేసేది పొట్ట మీద జెల్ రాసి చేసే స్కాన్. నీళ్లు తాగి యూరిన్ ఆపుకుని కూర్చోమంటారే, అదే. అది చిన్న చిన్న మచ్చల్ని చూడలేదు. అందులో నార్మల్ వస్తే దానర్థం "పెద్ద సిస్ట్ ఏమీ కనపడలేదు" అని మాత్రమే, "ఎండోమెట్రియోసిస్ లేదు" అని కాదు. నా ఆరు రిపోర్టుల కథ ఇదే.

పెళ్లైనవాళ్లకి, లేదా ఇబ్బంది లేదు అని ఒప్పుకున్నవాళ్లకి లోపలి నుంచి చేసే స్కాన్ చేస్తారు, టీవీఎస్ అంటారు. అండాశయంలో చాక్లెట్ సిస్ట్ అంటే ఎండోమెట్రియోమా ఉంటే ఇందులో బాగా తెలుస్తుంది, లోపల ద్రవం గరుకు గాజులా కనిపిస్తుంది, రిపోర్ట్‌లో 'గ్రౌండ్ గ్లాస్' అని రాస్తారు. రెండు అండాశయాలు వెనక్కి వచ్చి ఒకదానికొకటి అతుక్కుపోతే 'కిస్సింగ్ ఓవరీస్' అని రాస్తారు, ఆ ముద్దు పేరు చూసి మోసపోకండి, లోపల జిగురు బాగా ఉందని అర్థం. 'స్లైడింగ్ సైన్' అని ఇంకోటి ఉంది, ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే గర్భసంచి, వెనకున్న పేగు ఒకదాని మీద ఒకటి జారాలి, జారకపోతే అతుక్కున్నట్టు. ఇదంతా చూడాలంటే చేసేవాళ్లకి ట్రైనింగ్ ఉండాలి, టైమ్ ఇవ్వాలి, ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. అందుకే స్కాన్ రాసేటప్పుడే "ఎండోమెట్రియోసిస్ అనుమానంతో, డీప్ ఎండోమెట్రియోసిస్ కోసం చూడమని రాయండి మేడమ్" అని అడగండి, డీప్ అంటే పేగు, మూత్రాశయం లాంటి వాటిలోకి లోతుగా దిగిన రకం, చీటీ మీద 'పెల్విస్ పెయిన్' అని మాత్రమే ఉంటే రేడియాలజిస్ట్ మామూలు స్కానే చేస్తారు, తప్పు వాళ్లది కూడా కాదు.

పెళ్లి కాని అమ్మాయిలకి మన దగ్గర టీవీఎస్ ఊసే ఎత్తరు. బలవంతం కూడా ఏమీ లేదు, కానీ అక్కడితో ఆగిపోకూడదు, పెల్విస్ ఎంఆర్ఐ అడగొచ్చు, అదీ ఎండోమెట్రియోసిస్ ప్రోటోకాల్‌తో. ఖర్చు ఎక్కువే, అందుకే ఒక్కసారి చేయించినా ఈ జబ్బు చూడటం అలవాటున్న చోట చేయించండి, సీడీ తీసుకుని దాచుకోండి, కాగితం రిపోర్ట్ ఒక్కటే సరిపోదు, రెండో డాక్టర్ బొమ్మలే చూస్తానంటారు. పొత్తికడుపు పొర మీద పైపైన ఉండే చిన్న మచ్చలు మాత్రం ఎంఆర్ఐకి కూడా చిక్కకపోవచ్చు.

రిపోర్ట్‌లో 'బల్కీ యుటెరస్' అని ఉంటే అడినోమయోసిస్ ఏమో అని అడగండి, అది దీనికి తోబుట్టువు లాంటిది, అదే పొర గర్భసంచి గోడ లోపలికి చొచ్చుకుపోతుంది. రెండూ ఒకేసారి ఉండొచ్చు. పీసీఓడీ అని రాసి ఉంటే, ఉండొచ్చు, కానీ ప్రాణం తీసే నొప్పికి మామూలుగా పీసీఓడీ కారణం కాదు, ఇంకేదైనా ఉందా అని అడిగే తీరాలి. నన్ను పీసీఓడీ ఒక్క మాటతో మూడేళ్లు తిప్పారు.

రక్తపరీక్ష సీఏ-125 సంగతి. లిమిట్ 35, నాది 61 వచ్చింది, మేము గూగుల్ చేసి ఓవరీ క్యాన్సర్ అనుకుని ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. ఈ నంబర్ ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, ఫైబ్రాయిడ్స్‌లో పెరుగుతుంది, పీరియడ్స్ టైమ్‌లో ఊరికే కూడా పెరుగుతుంది, కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది. నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. అందుకే యూరప్ డాక్టర్ల సంఘం ఎష్రే 2022 గైడ్‌లైన్‌లో డయాగ్నసిస్ కోసం రక్తంలో ఇలాంటి మార్కర్లు వాడొద్దు అని రాసేసింది. టీబీ మాట మాత్రం మన దేశంలో తీసిపారేయకండి, పిల్లలు పుట్టట్లేదని తిరిగేవాళ్లలో జననాంగాల టీబీ కూడా ఇలాగే దొంగలా ఉంటుంది, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం లాంటివి ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

లాప్రోస్కోపీ. పాత పద్ధతి ప్రకారం కెమెరా పెట్టి చూసి, ముక్క తీసి బయాప్సీ చేస్తే తప్ప ఈ జబ్బు ఉన్నట్టు కాదు. అదే ఎష్రే 2022లో దాన్ని మార్చింది. ఇప్పుడు స్కాన్‌లో, ఎంఆర్ఐలో కనిపిస్తే అక్కడే డయాగ్నసిస్ చెప్పొచ్చు, కనిపించకపోయినా లక్షణాలు గట్టిగా ఉంటే మందులు మొదలుపెట్టి చూడొచ్చు. స్కాన్‌లో ఏమీ లేకుండా మందులకి లొంగనప్పుడు, మందులు వాడే పరిస్థితి లేనప్పుడు లాప్రోస్కోపీ ఆలోచించాలి. కాబట్టి "ఆపరేషన్ చేస్తేగానీ చెప్పలేం" అని మొదటి విజిట్‌లోనే ఎవరైనా అంటే, "ముందు మందులతో చూడొచ్చా" అని అడగడం తప్పు కాదు. అటువైపు, ఏళ్ల తరబడి మందులు మారుస్తూ కెమెరా పెట్టడమే లేదంటే అది కూడా అడగాలి. ఆ మందుల్లో మన దగ్గర ఎక్కువగా రాసేది డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర, లేదంటే గర్భనిరోధక మాత్రలు, వెంటనే పిల్లలు కావాలి అనుకునేవాళ్లకి ఈ దారి పనికిరాదు, అది మొదటే చెప్పండి. మందుతో నొప్పి తగ్గితే ఎండోమెట్రియోసిస్ ఖాయం అని కూడా అనుకోవద్దు, హార్మోన్ మందులకి వేరే రకం పీరియడ్స్ నొప్పులు కూడా తగ్గుతాయి.

స్టేజ్ గురించి ఒక్క మాట. 1 నుంచి 4 దాకా ఉంటాయి, లోపల ఎంత పరుచుకుంది, ఎంత అతుక్కుంది అని పాయింట్లు వేసి చెప్తారు. నొప్పికి దీనికి లెక్క కుదరదు. స్టేజ్ 1 వాళ్లు నేల మీద దొర్లడం, స్టేజ్ 4 వాళ్లకి పిల్లల కోసం వెళ్లినప్పుడు తప్ప తెలియకపోవడం, రెండూ ఉన్నాయి. క్యాన్సర్ స్టేజ్ లాంటిది కాదు, బంధువులకి ఫోన్‌లో చెప్పేటప్పుడు ఆ మాట వాడకపోవడమే మంచిది, రెండో రోజుకి పళ్లు పట్టుకుని దిగుతారు.

ఉమ్మి టెస్ట్ గురించి కూడా అడుగుతున్నారు. ఫ్రాన్స్‌లో జివిగ్ అనే కంపెనీ ఎండోటెస్ట్ అని చేసింది, ఉమ్మిలో మైక్రో ఆర్ఎన్ఏలు అనే చిన్న చిన్న అణువుల్ని, 109 రకాల్ని చూసి చెప్తుంది. 2024 జనవరిలో అక్కడి ఆరోగ్య సంస్థ హెచ్ఏఎస్ దీన్ని షరతులతో ముందుకి తీసుకెళ్లింది, పరీక్షలు, స్కాన్, ఎంఆర్ఐ అన్నీ అయ్యాక కూడా డౌట్ మిగిలిన పెద్దవాళ్లకి మాత్రమే, అదీ ఇంకా డేటా సేకరిస్తూ. అందరికీ చేసే స్క్రీనింగ్ టెస్ట్ కాదు అన్నమాట. ఆస్ట్రేలియాలో రక్తంలో పది ప్రోటీన్లు చూసే టెస్ట్ మీద కూడా పేపర్ వచ్చింది. ఆశ ఉంది, నాకూ ఉంది, కానీ ఇక్కడ ఎవరైనా "ఒక్క చుక్క రక్తంతో ఎండో కనిపెడతాం" అని ప్యాకేజీ అమ్మితే ఆ డబ్బులు ఎంఆర్ఐకి పెట్టుకోండి.

పెయిన్ కిల్లర్స్ ఖాళీ కడుపుతో వద్దు, అందరికీ తెలిసిందే. మెఫెనమిక్ యాసిడ్, అంటే మెఫ్టాల్‌లో ఉండేది, దాని గురించి 2023 చివర్లో మన దేశంలో మందుల ప్రమాణాలు చూసే ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది, అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని. కంగారు అక్కర్లేదు, కానీ వేసుకున్నాక జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, గ్రంథుల వాపు వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

క్యాన్సర్ వార్త చదివి నిద్ర పోనివాళ్లకి

2024 జులైలో జామా అనే మెడికల్ జర్నల్‌లో అమెరికా యూటా రాష్ట్రం డేటాతో ఒక పేపర్ వచ్చింది, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకి ఓవరీ క్యాన్సర్ రిస్క్ 4.2 రెట్లు అని. మన టీవీలు 'నాలుగు రెట్లు' అని ఎర్ర అక్షరాల్లో వేశాయి. అదే పేపర్‌లో ఇంకో లెక్క ఉంది, 10,000 మంది ఆడవాళ్లకి అదనంగా వచ్చే కేసులు దాదాపు 10. రెండూ నిజమే, ఒకటి ఎన్ని రెట్లు అని చెప్తుంది, ఇంకోటి ఎంతమందికి అని చెప్తుంది, వార్తలో ఎప్పుడూ మొదటిదే వస్తుంది. ఇకమీద ఏ జబ్బు వార్తలో 'రెట్లు' కనిపించినా, పదివేల మందిలో ఎంతమంది అని వెతకండి. డీప్ రకం, సిస్ట్‌లు ఉన్నవాళ్లకి ఈ రిస్క్ మిగతావాళ్ల కంటే ఎక్కువ అని కూడా అందులో ఉంది, కాబట్టి సిస్ట్ ఉన్నవాళ్లు ఎన్నాళ్లకోసారి స్కాన్ చేయించుకోవాలో అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్ అనే మాట వచ్చినప్పుడు

ఇందాక వదిలేసిన గర్భసంచి సంగతి ఇక్కడే. "గర్భసంచికి పుండు అయింది, వాపు ఉంది, తీసేయకపోతే క్యాన్సర్ అవుద్ది" అనే మాట మన ఊళ్లలో వినని ఇల్లు లేదు. ఎండోమెట్రియోసిస్ అంటేనే గర్భసంచి బయట ఉండేది, లోపలి సంచి తీసేసి బయటి మచ్చల్ని అలాగే వదిలేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. అడినోమయోసిస్ బాగా ఉన్నవాళ్లకి, పిల్లలు చాలనుకున్నవాళ్లకి, మిగతావన్నీ అయిపోయాక తీయడం న్యాయమే, దాన్ని కాదనట్లేదు. కానీ ముప్పై ఏళ్ల మనిషికి మొదటి స్కాన్ అయిన వారంలోనే తీయించుకోమంటే, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి. మీ అమ్మకో అత్తకో ఎవరైనా చెప్పినా సరే, ఆపండి.

సిస్ట్ తీసే ముందు ఏఎంహెచ్, అంటే గుడ్ల నిల్వ ఎంతుందో అంచనా వేసే రక్తపరీక్ష చేయించుకోండి, అండాశయం మీద ఆపరేషన్ చేస్తే గుడ్ల నిల్వ తగ్గే అవకాశం ఉంది, పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ మాట సర్జన్‌తో ముందే మాట్లాడాలి, ఎగ్ ఫ్రీజింగ్ అవసరమా అన్నది కూడా. మచ్చల్ని కోసి తీస్తారా, పైన కాలుస్తారా అని అడగండి. పేగు మీద ఉంటే పేగు సర్జన్ అందుబాటులో ఉంటారా అని అడగండి. "ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు సార్" అని అడగడానికి నాకు నోరు రాలేదు, మా అక్క అడిగింది, ఆయన ఏమీ అనుకోలేదు, నవ్వి నంబర్ చెప్పాడు.

ఆపరేషన్ అయ్యాక వీడియో అడిగి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. ఆపరేషన్ నోట్స్ జిరాక్స్, స్టేజ్ ఎంత, ఎక్కడెక్కడ కనిపించింది, ఏది తీశారు, ఏది వదిలేశారు అన్నది రాసి ఉండాలి. బయాప్సీ రిపోర్ట్‌లో గర్భసంచి పొరలో ఉండేలాంటి గ్రంథులు, వాటి చుట్టూ ఉండే కణజాలం అంటే స్ట్రోమా కనిపించాయని రాస్తే డయాగ్నసిస్ ఖాయమైనట్టు, కనిపించలేదు అంటే తీసిన ముక్కలో లేవని అర్థం, అది పట్టుకుని "నీకేం లేదు" అనే చోటికి మళ్లీ వెళ్లకండి. ఆ ముక్కతో చేసిన స్లైడ్స్, దాన్ని దాచిన మైనపు బ్లాక్స్ ల్యాబ్‌లోనే ఉంటాయి, రెండో ఒపీనియన్‌కి కావాలంటే ఇవ్వమని లెటర్ రాసివ్వాలి, అవి ఎప్పటికీ దాచరు కాబట్టి ఎన్నాళ్లుంచుతారో బిల్ కట్టే రోజే కౌంటర్‌లో అడిగేయండి. నా వీడియో నేను అడిగేసరికి నెలన్నర దాటింది, మెషిన్‌లో చెరిపేశారంట.